ఆకు తిప్పి చూస్తే

కూరగాయల బండి దగ్గర బేరమంతా అయిపోయి, డబ్బులు చేతులు మారాక, బండివాడు గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ తీసి మన సంచిలో పడేస్తాడు. దాని పేరు కొసరు. దానికి తూకం లేదు, ధర లేదు. వెయ్యడం మరిచిపోతే మాత్రం అడిగి మరీ వేయించుకుంటాం. అప్పు ఇచ్చిన సొమ్మును తిరిగి అడగడానికి మొహమాటపడే మనుషులు కూడా ఈ ఒక్క చోట మొహమాటపడరు. మార్కెట్లో రేటు ఎంత పలికినా తెలుగువాడి లెక్కలో పచ్చిమిరపకాయ ఇంకా కొసరే. ఈమధ్య కొన్ని బండ్ల మీద అదీ పది రూపాయల పొట్లమైపోయింది. అది వేరే దుఃఖం.

అలా ఊరికే వచ్చే వస్తువును కుండీలో పెంచాలని ఎవరికైనా ఎందుకు బుద్ధి పుడుతుంది? హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండే లెక్కల టీచరమ్మకు పుట్టింది. ఆవిడ ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది అది. ముప్ఫయ్యేళ్ళు కూడికలూ తీసివేతలూ చెప్పిన చెయ్యి కనుక ముందుగా ఒక నోటుపుస్తకం పెట్టింది. పన్నెండంగుళాల కుండీలు ఆరు, ఎర్రమట్టి రెండు బస్తాలు, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు దిమ్మ, కిలో వేపపిండి, విత్తనాల పొట్లాలు, మట్టి గుల్లచేసే చిన్న బొరిగె. మొత్తం 2,140 రూపాయలు. తొలి కాపు నాలుగు మిరపకాయలు. టమాటాలు సున్నా. కాయ ఒక్కింటికి 535 రూపాయలు పడిందని ఆవిడ తేల్చి, చుట్టుపక్కల వాళ్ళందరికీ చూపించి తనే ముందు నవ్వింది. ఆ నాలుగు కాయల్నీ పప్పులో వెయ్యడానికి మనసొప్పక రెండు రోజులు ఫ్రిజ్ మీద పళ్ళెంలో పెట్టుకుంది. నోటుపుస్తకంలో పై పేజీ ఇప్పటికీ అదే.

మన పాత ఇళ్ళకు ఈ లెక్కల అవసరం పడలేదు. పెరడు ఉండేది. అంట్లు తోమిన నీళ్ళు అరటిబోదెకు, స్నానాల నీళ్ళు కరివేప చెట్టుకు వాటంతట అవే దారి చూసుకునేవి. విత్తనమని పనిగట్టుకుని ఎవరూ చల్లేవారు కాదు. ఎండుమిరపకాయలకు తొడిమలు తీసి చేటలో రాలిన గింజలు దులిపితే అవి గోడవార మొలిచేవి. మెత్తబడ్డ టమాటా విసిరేస్తే ఆ వారంలోనే అక్కడ ఓ గుంపు పచ్చగా లేచేది. ఆనపపాదు పాకెక్కి, అక్కడినుంచి పక్కింటి పాకెక్కి, కాయ ఎవరిదన్న తగువు కూడా కాసేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని అప్పట్లో అనుకున్నాం. ఇప్పుడు పెరడు అన్న మాటకే పిల్లలకు అర్థం చెప్పాల్సి వస్తోంది. నిఘంటువుల్లో మాటలు చచ్చిపోవడానికి కారణాలు వెతికేవాళ్ళు ఒకసారి అపార్ట్‌మెంటు ప్లానులు కూడా చూడాలి. అరుగు, వసారా, దొడ్డి, పంచ, పెరడు అన్నీ కలిసి నాలుగడుగుల బాల్కనీ అయ్యాయి. అందులోనూ సగం వాషింగ్ మెషీన్‌ది.

అయినా కుండీ సేద్యం మనకు పరాయిదేం కాదు. తులసికోటను మించిన కుండీ ఏముంది? నేల మీద కాకుండా ఎత్తున, వాకిట్లోనో పెరట్లోనో ఎండ పడే చోట, అడుగున నీళ్ళు నిలవకుండా కట్టుకున్న ఒంటి మొక్క తోట అది. రోజూ చెంబెడు నీళ్ళు. ఆపైన ప్రదక్షిణ. పుణ్యం సంగతి పెద్దలు చూసుకుంటారు కానీ, రోజుకోసారి మొక్క చుట్టూ తిరిగి నాలుగు వైపులా చూసే మనిషి ఉన్న చోట ఏ చీడైనా ముదిరే దాకా దాక్కోవడం కష్టం. ఆ తర్వాత డాల్డా డబ్బాలొచ్చాయి. చిల్లుపడ్డ బిందెలు, పిడి ఊడిన బకెట్లు వచ్చాయి. రైల్వే క్వార్టర్ల ముందు వరసగా పేర్చిన ఆ డబ్బాల్లో బంతి, చంద్రకాంత, క్రోటన్లు పెరిగిన రోజులు నడివయసు వాళ్ళకు గుర్తే.

హైదరాబాద్‌లో ఆ వరస మేడెక్కింది. కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి తన ఇంటి మిద్దె మీద కూరగాయలూ పళ్ళూ పండించి, దాని మీద పుస్తకం కూడా రాసి, 'మిద్దెతోట' అన్న మాటను జనం నోట్లో నానేలా చేశారు. కథలు రాసే మనిషి తోటలో పడడం వింతేమీ కాదు. రెండు పనుల్లోనూ బాగా పెరిగినదాన్ని చూసి మురిసిపోకుండా కత్తిరించగలగాలి. అయితే ఆ ఉత్సాహంలో చాలామంది మరిచిపోయేది బరువు. తడిసిన మట్టి ఘనపుటడుగు 45 కిలోలకు తగ్గదు. ఇరవై లీటర్ల రంగు డబ్బా నిండా మట్టి నింపి నీళ్ళు పోస్తే ముప్ఫై కిలోలు. అలాంటివి వంద అంటే మూడు టన్నులు. మన టీచరమ్మ ఈ గుణకారం ముందే చేసింది కనుక కుండీలను శ్లాబు నడిబొడ్డున కాక గోడవార, దూలాల మీదుగా పెట్టించింది. మట్టిలో కొబ్బరిపొట్టు కలిపి బరువు తగ్గించింది. కింది అంతస్తు వాళ్ళ బట్టల మీద ఎర్రనీళ్ళు కారకుండా ఒక్కో కుండీ కింద పళ్ళెం పెట్టింది. అపార్ట్‌మెంటు తోటల్లో మొక్కల తెగుళ్ళ కంటే ఈ ఎర్రనీళ్ళ తగువులే ఎక్కువ.

ఆ కుండీల్లో ఉన్న ఇద్దరూ నిజానికి మన ఇంటి పేరున్న వాళ్ళు కారు. మిరపా టమాటా రెండూ అమెరికా ఖండాల నుంచి ఓడెక్కి వచ్చినవే. 1498లో వాస్కో డ గామా కాలికట్ తీరం చేరాక, పోర్చుగీసు వర్తకుల వెంట మిరప మన దేశంలో అడుగుపెట్టింది. అంతకు ముందు మన కారమంతా మిరియాలదీ అల్లానిదీ. కొత్తగా వచ్చినదానికి పాత చుట్టం పోలికతోనే పేరు పెట్టుకుని, మిరియాన్నే తలచుకుంటూ మిరప అన్నాం. పల్నాటి జొన్నకూడు చూసి శ్రీనాథుడు మూతి ముడిచాడని చెప్పుకుంటారు. పాపం, ఆయన కాలానికి ఆ కూటి పక్కన నంజుకోవడానికి మిరపకాయ కూడా లేదు. ఇవాళ అదే పల్నాడు ఎర్రగా పండి గుంటూరు మిర్చియార్డుకు బస్తాలెత్తుతోంది. మిరపా, పొగాకూ, వంగా, బంగాళాదుంపా, ఉమ్మెత్తా అన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. గుంటూరు సీమ చేతిలో నాలుగు డబ్బులు ఆడించిన పొగాకూ మిరపా ఇలా అక్కచెల్లెళ్ళు కావడం ఎవరు కుదిర్చిన సంబంధమో.

టమాటా ఇంకా ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కూడా చాలాకాలం గడప దాటలేదు. గోదావరి జిల్లాల పెద్దవాళ్ళు దాన్ని రామములక్కాయ అన్నారు. రాయలసీమలో తక్కాళి అన్నవాళ్ళున్నారు. ఆచారం గట్టిగా పాటించే వంటిళ్ళలో చింతపండుదే రాజ్యం. ఎర్రగా, మెత్తగా, రసం కారే ఈ కాయను చూసి ముఖం తిప్పుకున్న ముసలమ్మలు మొన్నమొన్నటి దాకా ఉన్నారు. రాముడి పేరు పెట్టి కూడా వంటింట్లోకి రానివ్వలేదంటే మన పట్టుదల మామూలుది కాదు. ఇప్పుడు టమాటా లేని రోజు చారు పెట్టడం తెలియని ఇళ్ళున్నాయి. నాలుగు తరాల్లో ఇంత మారిన మనం, సంప్రదాయ వంటల గురించి వాదించుకునేటప్పుడు మాత్రం గొంతు తగ్గించం.

టీచరమ్మ మొదటి తప్పు ఏప్రిల్‌లో నాటడం. విత్తనాల పొట్లం మీద ఏడాది పొడవునా వెయ్యవచ్చని అచ్చేసి ఉంది. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం టీచర్లకు అలవాటు. టమాటా మొక్కలు ఏపుగా పెరిగాయి, పసుపుపచ్చని పూత విరగబూసింది, పూసినది పూసినట్టే తొడిమ దగ్గర తెగి రాలిపోయింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా పాతిక దిగకపోతే టమాటా పుప్పొడి చేవ తప్పుతుంది. రోళ్ళు పగిలే రోహిణి ఎండలో అది కాయదు. ఒకవేళ కాసినా ఎండవేడికి ఎరుపు సరిగా ఎక్కక నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. ఆ నాలుగు మిరపకాయలైనా వచ్చాయంటే మిరప కాస్త మొండిది కనుక. మన రైతులు కార్తెలు లెక్కపెట్టుకునేది ఊసుపోక కాదు. మృగశిరకు చల్లబడ్డాక మిరప నారు, హస్త చిత్తల్లో టమాటా అనుకుంటే కార్తీకపు చలిరాత్రులకు పూత అందుకుంటుంది. రెండో ఏడు ఆవిడ విత్తనాల పొట్లం పక్కన పడేసి గోడ మీద పంచాంగం చూసింది.

టమాటా గింజ అయిదారు రోజుల్లో కళ్ళు తెరుస్తుంది. మిరప పది రోజులైనా ఉలకదు పలకదు. ఆ ఆలస్యం తట్టుకోలేక వేలితో మట్టి కెలికి చూసేవాళ్ళు లోపల తెల్లగా తలెత్తుతున్న మొలకను తమ చేత్తోనే విరిచేస్తారు. నారు తీసి కుండీలో పెట్టేటప్పుడు కూడా ఇద్దరి స్వభావం ఒకటి కాదు. టమాటా కాండానికి నూగు ఉంటుంది. మట్టి తగిలిన చోటల్లా ఆ కాండం వేరు పోస్తుంది, అందుకే మెడ దాకా లోతుగా పాతిపెట్టినా సంతోషమే. ఎక్కడ ఒరిగితే అక్కడ కాపురం పెట్టే రకం. మిరపకు ఆ చనువు నచ్చదు. నారుమడిలో ఎంత లోతున ఉందో అంతే లోతున ఉంచాలి.

పూత వచ్చాక బాల్కనీలో ఇంకో చిక్కు. టమాటా పువ్వులో ఆడా మగా ఒక చోటే ఉంటాయి. కానీ పుప్పొడి గొట్టంలాంటి అరలో ఉంటుంది, కుదిపితేనే రాలుతుంది. పొలంలో ఆ పని గాలి చేస్తుంది, భ్రమరం చేస్తుంది. నల్లటి పెద్ద తుమ్మెద పువ్వును కరుచుకుని, రెక్కలు కదపకుండా ఒళ్ళంతా జుమ్మని వణికిస్తుంది. ఆ వణుకుకు పుప్పొడి జల్లులా పడుతుంది. తేనెటీగకు ఈ విద్య తెలియదు. ఎంత పేరున్నా దానికి చేతకాని పనీ ఒకటుంది. రెండో అంతస్తు దాకా తుమ్మెద రాని ఇళ్ళలో మనుషులే పొద్దున్నే పూగుత్తిని వేలితో చిటికేసి తట్టాలి. టీచరమ్మ పాఠశాల గంట వేళకు సరిగ్గా, అంటే తొమ్మిదిన్నరకు, ఒక్కో గుత్తినీ తట్టి వస్తుంది. హాజరు వేసినట్టు ఉంటుందట.

కాయలు దిగాయి. కొన్నిటి అడుగున నల్లగా, తోలులా, లోపలికి నొక్కుకుపోయిన మచ్చ. పురుగని ఒకరన్నారు, దిష్టి అని ఇంకొకరన్నారు. రెండూ కాదు. కాయ కొసకు సున్నపు పాలు అందకపోతే అలా అవుతుంది. సున్నం మట్టిలో లేక కాదు, దాన్ని మోసుకెళ్ళే నీళ్ళు సమంగా అందక. ఒకరోజు వరద, మూడు రోజులు కరువు పెట్టే ఇళ్ళలో కాపుకు వచ్చే జబ్బు ఇది. ఈ సంగతి తెలియక పక్క ఫ్లాట్ల వాళ్ళంతా సంచులతో కోడిగుడ్డు పెంకులు తెచ్చిచ్చారు. టీచరమ్మ శాకాహారి. కాదనలేక తీసుకుని, దంచి, కుండీల్లో వేసింది. ఆ పెంకులు మట్టిలో కరిగేసరికి ఈ మొక్క మనవలు కాపుకొస్తాయి.

ఇక మిరప దగ్గరకు వస్తే, దసరా వెళ్ళిన వారానికి చిగురాకులు ముడుచుకోవడం మొదలైంది. నీళ్ళు తగ్గాయేమోనని ఇంకాస్త పోసింది. ఎరువేమోనని ఇంకో గుప్పెడు వేసింది. ముడత తగ్గలేదు. చివరికి ఒక కొమ్మ తుంచి, బండి దగ్గరకు వెళ్ళి కూరలతో పాటు అదీ చూపించింది. బండి అబ్బాయి కాటా పక్కన పెట్టి ఆ కొమ్మ అందుకున్నాడు. పైన చూడలేదు. ఆకు తిప్పి చూశాడు.

"పైముడత టీచరమ్మా. ఆకు దొన్నె లెక్క పైకి ముడుచుకుంది సూడు, తామర పురుగు. కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి అయ్యేది."

అదీ తేడా. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా అయితే ఒక పురుగు, కిందికి వంగి తిరగేసిన పడవలా అయితే మరో పురుగు. ఒకదానికి వాడే మందు చాలాసార్లు ఇంకోదానికి పనికిరాదు. రెండూ ఆకు వెనకే కాపురం. తెల్లదోమ అక్కడే, పేనుబంక అక్కడే, పిండినల్లి అక్కడే. అక్షింతల పురుగు గుడ్లు పెట్టేదీ అక్కడే. అది మన పక్షం, పేనుబంకను తిని బతుకుతుంది. ఎండ తగలని, వాన తడపని, మనిషి కన్ను పడని వైపు అది. మనం పైనుంచి చూసి పచ్చగా ఉంది కదా అనుకుంటాం. వేపనూనె లీటరుకు అయిదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్ళతో కలిపి సాయంత్రం పూట కొట్టమన్నాడతను. "పైన కొడితే లాభం లేదు, కింది దిక్కు తడవాలె" అని రెండుసార్లు చెప్పాడు.

ఇంత ఎలా తెలుసని అడిగితే, ఖమ్మం దిక్కు తనది, మూడెకరాలు కౌలుకు పట్టి మిర్చి వేసేవాడినని అన్నాడు. అంతకన్నా చెప్పలేదు. ఏ సంవత్సరం మానేశావని అడిగితే 2021 అన్నాడు. ఆ ఏడాది సంగతి తెలిసినవాళ్ళకు ఇంకో మాట అక్కర్లేదు. అంతకు ముందు తామర పురుగంటే చిగురాకుల మీద ఉండేది. అప్పుడొచ్చింది కొత్త రకం, నల్లది. ఆగ్నేయాసియా నుంచి వచ్చి, మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద తొలిసారి కనబడింది. 2021లో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మిరప చేల మీద విరుచుకుపడింది. అది నేరుగా పువ్వులోకి దూరుతుంది. ఒక్కో పువ్వులో గుంపులు గుంపులు. తెల్ల కాగితం మీద పువ్వును తడితే నల్ల నువ్వుల కన్నా సన్నగా రాలి పాకుతాయి. పూత కాయ కాకుండానే మాడిపోతుంది. ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి మింగే పంట ఇది. వారానికో మందు కొట్టినా లొంగకపోవడంతో చాలామంది పచ్చని చేనును ట్రాక్టరుతో దున్నేశారు. ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, గుంటూరు, పల్నాడు, ఎక్కడ చూసినా ఆ ఏడు అదే కథ. కౌలు రైతుకైతే పంటా లేదు, కాగితాల మీద పేరూ లేదు.

బాల్కనీలో ఒక మొక్క ముడుచుకుంటే మనకు ఒక సాయంత్రం దిగులు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చబోతే ఏదో ఎబ్బెట్టుగా ఉంటుంది, పోల్చకుండా ఉండబోతే అంతకన్నా ఎబ్బెట్టుగా ఉంటుంది. టీచరమ్మ ఆ రోజు ఇంటికొచ్చి నోటుపుస్తకంలో వేపనూనె ఖరీదు రాసి, దాని కింద మూడెకరాలు అని రాసి, ఏదో హెచ్చవేయబోయి వదిలేసింది.

ఆకు తిప్పే విద్య అమెరికా కూడా వెళ్ళింది. ఆవిడ కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడి తెలుగువాళ్ళ పెరటి చప్టాల మీద వేసవిలో కనబడే మొక్కలు చూస్తే మనవాళ్ళ జాబితా తేలిగ్గా పోల్చుకోవచ్చు. గోంగూర, మిరప, టమాటా, కరివేప, పుదీనా. ఇక్కడ మనం ఎండకు భయపడి కార్తెలు చూస్తే వాళ్ళు మంచుకు భయపడి తేదీలు చూస్తారు. మే నెల నడిమికి గాని మొక్కను బయటపెట్టలేరు. అక్టోబరు వచ్చిందంటే మళ్ళీ లోపలికి. మిరప ఒక్క ఏడాది మొక్క అని మనం అనుకుంటాం కానీ మంచు తగలనివ్వకపోతే అది నాలుగైదేళ్ళు బతికే చెట్టు. ఆకులు దూసి, కొమ్మలు జానెడు పొడవుకు కత్తిరించి, చలికాలమంతా కిటికీ పక్కన వారానికో గుక్కెడు నీళ్ళతో ఉంచితే వసంతానికి మళ్ళీ చిగురిస్తుంది. ఆ అమ్మాయి ఒక మిరప మొక్కను అలా మూడేళ్ళుగా ఇంట్లోకీ బయటికీ మోస్తోంది. కరివేపను గురించి చెప్పనే అక్కర్లేదు, దానికి ప్రత్యేకంగా ఓ దీపం కూడా ఉంది.

ఆమధ్య వీడియో కాల్‌లో, "అమ్మా, మిరప చిగుళ్ళు ఏదోలా ఉన్నాయే, చూడు" అని ఫోను మొక్క మీదకు వంచింది.

"అలా కాదే, ఆకు తిప్పి చూపించు."

"ఏముంది, ఆకేగా?"

"తిప్పి చూపించవే తల్లీ. వెలుతురు వైపు పట్టుకో. ఆఁ, పేనుబంక. చీమలు తిరుగుతున్నాయా కొమ్మల మీద? చూశావా మరి."

పదమూడు వేల కిలోమీటర్ల దూరం నుంచి పేనుబంకను పట్టిన ఈ ఘనతను టీచరమ్మ పదిమందికీ చెప్పుకుంది. బండి అబ్బాయి దగ్గర నేర్చుకున్నానని కూడా చెప్పింది. అది ఆవిడ పెద్దరికం.

రెండో ఏడు టమాటా విరగకాసింది. సంక్రాంతి ముందు రోజుల్లో ఒక్కో మొక్కకు పాతిక ముప్ఫై కాయలు. గంపెడు కోసుకుని గర్వంగా బండి దాటి వెళ్తుంటే ధర వినబడింది, కిలో పది. మిద్దెతోటల వాళ్ళందరికీ ఏటా ఎదురయ్యే పరాభవం ఇది. మన కుండీలో కాపు దిగిన వారంలోనే బజారులో టమాటా నేలకు దిగుతుంది. ఇందులో మన దురదృష్టమేమీ లేదు. మన పూతను నిలబెట్టిన చలిరాత్రే పొలాల్లో పూతనూ నిలబెట్టింది. ఎండాకాలంలో మన మొక్క ఎందుకు కాయలేదో జూన్ జూలైల్లో ధర ఎందుకు పైకి లేస్తుందో ఒకటే జవాబు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో 150 రూపాయలు దాటినప్పుడు దేశమంతా గగ్గోలెత్తింది, టమాటా మీద పుట్టిన జోకులకు లెక్కే లేదు. అదే ఏడాది సెప్టెంబరుకల్లా ధర పాతాళానికి పడినప్పుడు జోకులు ఎవరూ వెయ్యలేదు. పత్తికొండ దారిలోనో మదనపల్లె దారిలోనో రోడ్డు పక్క ఎర్రగా పారబోసిన కుప్ప ఫొటో పేపర్లో ఒక మూల పడుతుంది, మనం పేజీ తిప్పేస్తాం. వారం రోజులు ఆగని పంటను వారం రోజులు ఆపగలిగే చల్లటి గదులు ఊళ్ళకు దగ్గర్లో ఎన్ని ఉన్నాయన్నది పెద్ద సంపాదకీయానికి తగిన ప్రశ్న. మనం మన కుండీల దగ్గరే ఉందాం.

గంపెడు టమాటాలు ఏం చెయ్యాలి? సగం పచ్చడి పెట్టింది. మిగతా సగం మెట్ల మీదుగా ఇంటింటికీ వెళ్ళాయి. ఆ అపార్ట్‌మెంటులో ఆరేళ్ళుగా ఉంటున్నా మూడో అంతస్తు వాళ్ళ ఇంటి లోపలి గోడల రంగు తను చూడడం అదే మొదటిసారని టీచరమ్మ అంది. ఎర్రనీళ్ళ తగువు పెట్టుకున్న కింది ఇంటావిడకు నాలుగు ఎక్కువ ఇచ్చింది.

మిరప మాత్రం అంత ఉదారంగా రాలేదు. పండి ఎర్రబడ్డ కాయలను పిగిలిపిట్టలు పట్టుకుపోయాయి. అంత కారం వాటికెలా నోటపట్టిందని ఆశ్చర్యపోనక్కర్లేదు, పిట్టకు మిరప కారం తెలియదు. మన నాలుక మీద కాలిన మంటకు గంట కొట్టే తలుపు ఒకటుంది. మిరపలోని క్యాప్సైసిన్ ఆ గంటనే మోగిస్తుంది, అందుకే నోరు మండుతుంది కానీ కాలదు. ఈ క్యాప్సైసిన్ సాయంతోనే ఆ తలుపు ఆచూకీ పట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఆ తలుపు కారానికి తెరుచుకోదు. ఎలుకా ఉడుతా నమిలి గింజను నాశనం చేస్తాయి కనుక వాటికి మంట. పిట్ట గింజను మింగి మరో చోట విడుస్తుంది కనుక దానికి విందు. మొక్క ఎవరిని పిలవాలో ఎవరిని పొమ్మనాలో ఎంచుకుంది. మనిషి ఒక్కడే పొమ్మన్నా పోకుండా, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకో ముద్ద కలుపుకున్నాడు. అందులోనూ తెలుగువాడు నెయ్యి వేసుకుని మరీ కలుపుకున్నాడు. ఇంకో మాట. కారం గింజలో ఉందని అందరం అంటాం. అసలు ఉన్నది గింజలను పట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో. గింజకు అంటుకున్నది దాని కారమే.

కారం అక్కర్లేదు రంగు చాలు అనుకునేవాళ్ళకు వరంగల్ చపాట మిరప ఉంది. పొట్టిగా, గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది కనుక అక్కడివాళ్ళు దాన్ని టమాటా మిర్చి అనే పిలుస్తారు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేరు వేరు ఓడల్లో వచ్చిన ఇద్దరు చుట్టాలు ఓరుగల్లు చేలో ఒకే పేరు పంచుకోవడం బాగుంది. టీచరమ్మ ఈసారి ఒక కుండీలో ఆ చపాట వేసింది. మిగతావాటిలో మామూలు పచ్చిమిర్చే.

మొన్నొక రోజు బండి దగ్గర వంకాయలు, దోసకాయ, ఆకుకూర తీసుకున్నాక అతను అలవాటు చొప్పున మిరపకాయలు గుప్పెడు తీశాడు. "వద్దులే నాయనా, ఇంట్లో కాశాయి" అంది. చెయ్యి గాలిలోనే ఆగింది. కొసరు వద్దన్నవాళ్ళను అతను చూసి ఉండడు. మిరపకాయలు మళ్ళీ గుట్టలో వేసి, ఏం వెయ్యాలో తోచక ఇంకో కొత్తిమీర కట్ట వేశాడు. మర్నాడు ఆవిడ కాగితంలో చుట్టి తన కాయలు ఓ పది తెచ్చి అతనికిచ్చింది.

అతను ఒకటి తీసి తొడిమ దగ్గర నిగనిగ చూశాడు. వంచి విరిచాడు, చప్పుడు విన్నాడు. కొస కొరికి కాసేపు నమిలాడు. టీచరమ్మ పరీక్ష పేపరు ఇచ్చిన పిల్లలా ఎదురుగా నిలబడింది.

"నీళ్ళు జర ఎక్కువ పోస్తున్నరు టీచరమ్మా" అన్నాడు.